జమిలి ధర – విడి లెక్క

(కేబులు, ఇంటర్నెట్టు, టెలిఫోను చందాలను గూర్చి సభ్యులు తెలిసికొనదగిన విషయములు)

రైతు కుటుంబపు ఖర్చులలో తిండి, బట్ట, పిల్లల చదువు, వైద్యము అనునవి పూర్వమునుండియు ఉన్నవే. ఇటీవలి కాలమున వీనికితోడు మరియొక ఖర్చు ప్రతి యింటను స్థిరపడినది. అది టీవీకి, ఇంటర్నెట్టుకు, టెలిఫోనుకు నెలనెలా చెల్లించు చందా. విత్తనములు కొనునపుడు నాలుగు కొట్లు తిరిగి, గింజను చేతబట్టి చూచి, బేరమాడి కొను రైతు ఈ చందా విషయమున మాత్రము చెప్పిన ధరకు తల యూపి వచ్చుచున్నాడు. ఇందుకు కారణము అతని అజాగ్రత్త యొక్కటే కాదు. ఆ ధరను చెప్పు తీరే లెక్కకు అందకుండ ఉన్నది. మూడు సేవలను ఒక్క మూటగా గట్టి, మూట కంతటికిని ఒకే ధర చెప్పుదురు. అందులో దేని వెల యెంతయో కొనువానికి తెలియదు. ఆ మూటను విప్పి లెక్క చూచుకొను విధమును తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

జమిలి చందా యననేమి?

ఒకే తీగ ద్వారా టీవీ కార్యక్రమములను, ఇంటర్నెట్టును, టెలిఫోను మాటను ఇంటికి చేర్చి, మూటికిని కలిపి ఒకే చందా వసూలు చేయుటను జమిలి చందా యనవచ్చును. కంపెనీవారు దీనిని ప్యాకేజీ అనియు, ప్లాను అనియు చెప్పుదురు. మన ప్రాంతమున ఈ పద్ధతి గ్రామములకు బాగుగా పరిచయమైనది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు ఫైబర్‌నెట్ పథకము వలన. విద్యుత్ స్తంభములమీదుగా తీగలు లాగి, మూడు సేవలును నెలకు 149 రూపాయల ప్రారంభ చందాకు, పన్నులు గాక, ఇచ్చెదమని ఆనాడు ప్రకటించిరి. 2017 డిసెంబరు 27వ తేదీన నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ గారు దానిని ప్రారంభించిరి. పిమ్మట ప్రైవేటు కంపెనీలును అనేకములు ఇట్టి జమిలి చందాలతో పల్లెలకు వచ్చినవి.

ఈ పద్ధతి స్వతః చెడ్డది కాదు. తీగ లాగుటకే పెద్ద ఖర్చగును. ఒకసారి లాగిన పిమ్మట దానిపై రెండవ సేవను, మూడవ సేవను పంపుటకు ఎక్కువ ఖర్చు కాదు. కాబట్టి కలిపి తీసికొనువానికి కొంత తగ్గించి యిచ్చుటకు కంపెనీకి నిజముగనే వీలున్నది. అయితే కంపెనీకి వేరొక లాభమును గలదు. మూడు సేవలు ఒకే చోట తీసికొన్న యిల్లు తేలికగా కంపెనీ మారదు. ఆ సంగతి తెలిసియే వారు ముందుగా ధర తగ్గింతురు.

అక్కరలేనిదానికి చెల్లించుట

యూరియా బస్తా కావలెనన్న రైతుకు, దానితోపాటు అతడు కోరని మందు సీసానో, వేరొక ఎరువునో అంటగట్టుటను మనము ‘లింకు పెట్టుట’ అందుము. ఆ కొట్టు ముందు మనము మండిపడుదుము. జమిలి చందాలో అదే పని తీపి మాటలతో జరుగును. మనము సంతోషముతో సంతకము చేయుదుము. ఒక లెక్క చూడుడు. అంకెలు ఉదాహరణకు మాత్రమే.

టీవీకి నెలకు 300 రూపాయలు, ఇంటర్నెట్టుకు 500, ఇంటి టెలిఫోనుకు 150, వెరసి 950 రూపాయలు విడిధర అనుకొందము. మూడును కలిపి తీసికొన్నచో 700 రూపాయలే యని ప్రకటన. నెలకు 250, ఏటికి 3,000 రూపాయలు మిగులునని ఏజెంటు చెప్పును. మూడు సేవలను పండ్రెండు నెలలును వాడుకొను ఇంటికి ఈ మాట నిజమే. అట్టివారు నిస్సంశయముగ తీసికొనవచ్చును.

కాని యింటిలో అందరి చేతులలోను సెల్‌ఫోనులున్నవి. ఇంటి టెలిఫోను మ్రోగుట లేదు. ఇంటర్నెట్టు, కుమారుడు ఇంట నుండి పరీక్షకు చదువుకొను అయిదు నెలలకే కావలెను. తక్కిన కాలమున సెల్‌ఫోనులోని డేటాతోనే పని జరుగును. అట్టి ఇంటికి నిజముగ కావలసినది టీవీకి ఏటికి 3,600 రూపాయలు, ఇంటర్నెట్టుకు అయిదు నెలలకు 2,500, మొత్తము 6,100. జమిలి చందా అయినచో 8,400. ఈ సేవలపై జి.ఎస్.టి. నూటికి 18 వంతున చేర్చిన యెడల మొదటిది 7,198 రూపాయలు, రెండవది 9,912. మిగులునని చెప్పిన చోట 2,714 రూపాయలు అదనముగ పోయినవి. 2025-26 సంవత్సరమునకు సాధారణ రకపు వడ్లకు కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అనగా ఒక క్వింటాలు వడ్లకు మించిన సొమ్ము, ఎవరును వాడుకొనని సేవకు చెల్లినదన్నమాట.

కాబట్టి చూడవలసినది విడిధరల మొత్తమునకును మూట ధరకును గల భేదము కాదు. మనము వాడుకొను వానికి మాత్రము అగు ఖర్చునకును, మూట ధరకును గల భేదము.

నెల యననెన్ని దినములు?

మనకు ఆదాయము పంట చేతికి వచ్చినపుడు, ఏటికి ఒకటి రెండు సారులే. చందా మాత్రము నెలనెలా వచ్చును. నెలకు స్వల్పముగ కనబడు మొత్తము ఏడాదికి ఎంతయగునో లెక్కించుట మనము మరచుచున్నాము. అందులోను నెల యన్న మాటకే అర్థము మారుచున్నది. సెల్‌ఫోను రీఛార్జీలు పెక్కు 28 దినములకే ముగియును. ఏడాదిలో అట్టివి పండ్రెండు గాక పదమూడు పడును. 28ని 13 చేత గుణించిన 364 దినములు గదా! 299 రూపాయల రీఛార్జి పండ్రెండు సారులైన 3,588 రూపాయలు. పదమూడు సారులైన 3,887. ఇంటిలో ముగ్గురికి మూడు ఫోనులున్న యెడల ఈ పదమూడవ నెల ఖర్చే 897 రూపాయలగును.

ఈ విషయమున ఫిర్యాదులు రాగా, ట్రాయ్ అని పిలువబడు టెలికాం నియంత్రణాధికార సంస్థ 2022 జనవరిలో ఒక ఉత్తరువు చేసినది. దాని ప్రకారము ప్రతి కంపెనీయు 30 దినముల గడువుగల రీఛార్జిని, ప్రతి నెల అదే తేదీన వేయించుకొనదగిన రీఛార్జిని కూడ తప్పక ఉంచవలెను. ఇవి ప్రకటనలలో ముందు కనబడవు. అడిగి తెలిసికొనవలెను.

సెల్‌ఫోను రీఛార్జి సైతము ఒక జమిలి చందాయే. మాటాడుటకు మాత్రమే మీటల ఫోను వాడు ముసలివారు ఇంటర్నెట్టు డేటాకు కూడ చెల్లించుచుండిరి. చెల్లింపక మానుదమన్న, బ్యాంకు సమాచారము, ఆధారు ధ్రువీకరణ, పంట సొమ్ము జమయైన కబురు అన్నియు ఆ నంబరుకే వచ్చును గనుక దానిని వదలుకొన వీలులేదు. 2024 డిసెంబరు 23వ తేదీన ట్రాయ్ చేసిన సవరణ వలన, మాటలకు, సందేశములకు మాత్రమే చెల్లు రీఛార్జిని కనీసము ఒకటైనను ప్రతి కంపెనీ ఇయ్యవలసి వచ్చినది. దాని గడువు 365 దినముల వరకు ఉండవచ్చును. మీ యింటి పెద్దల ఫోనుకు ఏ రీఛార్జి వేయుచున్నారో ఒకసారి విచారింపుడు.

ఛానళ్ల గుత్తి

టీవీ చందాలో ఇంకొక చిన్న మూట దాగియున్నది. ట్రాయ్ 2017లో ప్రకటించిన పద్ధతి 2019 ఫిబ్రవరి 1వ తేదీనుండి చందాదారులకు పూర్తిగా అమలైనది. దాని ప్రకారము ప్రతి చెల్లింపు ఛానలుకు విడిధర ప్రకటింపవలెను. చందాదారుడు తనకు కావలసినవే ఏరుకొనవచ్చును. తీగ నిమిత్తము నూరు ఛానళ్ల వరకు నెలకు 130 రూపాయలకు మించి పుచ్చుకొనరాదని నాడు హద్దు పెట్టిరి. 18 శాతము పన్నుతో అది 153 రూపాయల 40 పైసలు. 2024 జూలైలో ఆ హద్దును తొలగించిరి. కాబట్టి నేడు తీగ రుసుమెంతయో మీ ఆపరేటరునే అడిగి తెలిసికొనవలెను.

ఏరుకొను హక్కు వచ్చినను ఏరుకొన్నవారు కొద్దిమందియే. ఏలయన, విడిధరలను ఎక్కువగా ఉంచి గుత్తి ధరను మిక్కిలి తగ్గించుటచే, నాలుగు ఛానళ్లు కోరిన వానికి కూడ ఇరువది ఛానళ్ల గుత్తియే చవుకయని తోచెను. అందుచే 2022 నవంబరు సవరణలో, ప్రసార కంపెనీ గుత్తికి ఇచ్చు తగ్గింపు విడిధరల మొత్తముమీద 45 శాతమునకు మించరాదనియు, 19 రూపాయలకు మించిన ఛానలును గుత్తిలో చేర్చరాదనియు నిబంధించిరి. మీ యింట నిజముగ చూచు చెల్లింపు ఛానళ్లు ఎన్నియో ఒక వారము గమనించి వ్రాసికొన్నచో, గుత్తి లాభమో విడి లాభమో తేలిపోవును.

చేరుట సులభము, విడుచుట కష్టము

మొదటి కొన్ని నెలలు తక్కువ ధర, పిమ్మట ఎక్కువ ధర యనునది సామాన్యమైన ఎత్తు. ఆరు నెలలు 500, తరువాత ఆరు నెలలు 800 అయినచో ఏటి చందా 7,800 రూపాయలు; అనగా నెలకు 650. రెండవ ఏట నెలకు 800 చొప్పున 9,600. ప్రకటనలోని 500ను చూచి చేరినవాడు ఈ 9,600కు సిద్ధపడియే చేరవలెను.

ఇంటిలో పెట్టు బాక్సు, రూటరు ఎవరి సొత్తో ముందే తేల్చుకొనుడు. అవి కొన్నవా, అద్దెవా, డిపాజిటు మీద ఇచ్చినవా? డిపాజిటు అయిన తిరిగి యెప్పుడిత్తురు? రసీదు లేని డిపాజిటు తిరిగి రాదని తలచుట మేలు. ఏడాది చందా ఒక్కసారి కట్టిన తగ్గింపు వచ్చును గాని, నడుమ సేవ ఆగినచో మిగిలిన నెలల సొమ్ము సంగతి కాగితముమీద ఉండవలెను. సెల్‌ఫోను నంబరును వదలకుండ కంపెనీ మారు సౌకర్యము 2011 జనవరి 20వ తేదీనుండి దేశమంతటను ఉన్నది. తీగ టెలిఫోను నంబరుకు అది లేదు. కాబట్టి జమిలి చందాలో వచ్చిన ఇంటి నంబరును బ్యాంకులోను, ఇతర కార్యాలయములలోను ఇచ్చుట మంచిది కాదు.

చట్టమేమనుచున్నది?

2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలైనుండి అమలులో ఉన్నది. ఒక సేవను పొందుటకు వేరొక సేవను కూడ కొనవలెనని షరతు పెట్టుటను అది నిర్బంధ వ్యాపార పద్ధతిగా పేర్కొని, దానిపై ఫిర్యాదుకు అవకాశ మిచ్చినది. కలిపి కొన్న తగ్గింతుమనుట వేరు; కలిపి కొననిదే ఇయ్యమనుట వేరు. రెండవదానినే మనము ఎదిరింపవలెను.

మొదట కంపెనీకే ఫిర్యాదు చేసి, ఫిర్యాదు సంఖ్యను వ్రాసి యుంచుడు. అచట తీరనిచో 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ నంబరుకు తెలుపవచ్చును. అప్పటికిని తీరనిచో జిల్లా వినియోగదారుల కమిషను గలదు. చెల్లించిన మొత్తము అయిదు లక్షల రూపాయలకు లోబడిన ఫిర్యాదులకు అచట రుసుము లేదు. టెలిఫోను కంపెనీలపై ఫిర్యాదులను ఈ కమిషనులు విచారింపవచ్చునని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

సభ్యులు చేయవలసిన పని

సంతకము చేయుటకు ముందు ఈ ఆరు ప్రశ్నలకు జవాబులు కాగితముమీద తీసికొనుడు.

1. మూడు సేవలలో ఒక్కొక్కదాని విడిధర యెంత?
2. పన్నులతో కూడ ఏడాదికి మొత్తమెంత?
3. ఈ ధర ఎన్ని నెలలు నిలుచును? పిమ్మట ఎంత?
4. ఒక చెల్లింపు ఎన్ని దినములకు?
5. బాక్సునకు, రూటరునకు, తీగకు వేరుగ ఎంత? తిరిగి వచ్చునదెంత?
6. ఒక సేవను మాత్రము మానిన యెడల మిగిలినవాని ధర యెంత?

వీనిలో ఆరవది ముఖ్యము. దానికి జవాబు చెప్పని కంపెనీ, మీరు విడిపోవుటకు దారి లేకుండ చేయుచున్నదని గ్రహింపుడు.

ఒంటరిగ అడిగిన రైతుకు జవాబు రాకపోవచ్చును. ఏబది కుటుంబములు కలిసి అడిగిన తప్పక వచ్చును. సంఘము ఏర్పడినది ఇందుకే గదా! ప్రతి సంఘమును తన గ్రామమున ఏ కంపెనీ యేమి సేవను ఏ ధరకు ఇచ్చుచున్నదో ఒక పట్టిక వ్రాయించి కార్యాలయపు గోడపై ఉంచుట మేలు. ధర మారినపుడెల్ల ఆ పట్టికను దిద్దవలెను. ఇంటర్నెట్టు అప్పుడప్పుడు మాత్రమే కావలసిన సభ్యుల దరఖాస్తు పనులను సంఘ కార్యాలయములోని కనెక్షనుతో జరిపించిన యెడల, ఆ కొద్ది పనికై వారు ఇంట ఏడాది పొడుగున చందా కట్టనక్కరలేదు.

రాబోవు నెల చందా చెల్లించుటకు ముందు, గడచిన పండ్రెండు నెలల రసీదులను కూడుకొని చూడుడు. ఆ మొత్తమును ఇంటిల్లిపాదికిని వినిపించి, ఏ సేవ ఎవరికి ఎంత పనికివచ్చినదో అడుగుడు. పనికివచ్చినదానిని ఉంచుకొనుడు, తక్కినదానిని మానివేసి, మిగిలిన సొమ్మును సంఘములో మీ పొదుపు ఖాతాకు జమ చేయుడు.