బుడగలు ఆగకూడదు

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఊపిరి తీసుకోవడమే పెద్ద పని. ఆ బిడ్డ ఊపిరితిత్తులు ఇంకా ముదరలేదు. గాలి వదిలిన ప్రతిసారీ లోపలి చిన్న చిన్న గాలి గదులు మూసుకుపోతాయి. మళ్లీ తెరవాలంటే బలం కావాలి. బెలూను ఊదేటప్పుడు మొదటి ఊదుడే కష్టం కదా! ఆ బిడ్డకు ప్రతి ఊపిరీ మొదటి ఊదుడే. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీసి, చివరికి అలిసిపోతుంది.

గదులు మూసుకుపోకుండా కొంచెం ఒత్తిడితో గాలి పంపే యంత్రాలు ఉన్నాయి. 2010 ప్రాంతంలో అమెరికా ఆసుపత్రుల్లో వాడిన యంత్రం ఖరీదు సుమారు 6000 డాలర్లు ఉండేది. ఆఫ్రికాలో మలావి అనే పేద దేశం ఉంది. అక్కడి ఆసుపత్రులు అంత డబ్బు ఎక్కడి నుంచి తెస్తాయి?

2010లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఐదుగురు విద్యార్థులు ఈ పని తలకెత్తుకున్నారు. అప్పటికి వాళ్లు డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నారు. వైద్యానికి పనికొచ్చే పరికరాలు తయారుచేయడం వాళ్ల చదువు. చేపల తొట్టెలో నీళ్లలోకి గాలి పంపే చిన్న మోటార్లు ఉంటాయి చూడండి. అవి తెచ్చారు. చెప్పులు దాచుకునే ప్లాస్టిక్ పెట్టెలో బిగించారు. సామాను ఖర్చు 160 డాలర్లు. చూస్తే నవ్వొస్తుంది. గాలి మాత్రం ఖరీదైన యంత్రం ఇచ్చినట్టే ఇచ్చింది.

అది ఎలా పనిచేస్తుంది? మోటారు పంపే గాలి, ఆక్సిజన్‌తో కలిసి, గొట్టం గుండా బిడ్డ ముక్కుకు చేరుతుంది. గొట్టం రెండో కొస సీసాలోని నీళ్లలో మునిగి ఉంటుంది. మీరూ గ్లాసెడు నీళ్లలో గొట్టం పెట్టి ఊది చూడండి. గొట్టం లోతుకు దిగేకొద్దీ గట్టిగా ఊదాలి. ఇక్కడా అంతే. గొట్టం ఎంత లోతున ఉంటే ఒత్తిడి అంత. నీళ్లలో బుడగలు వస్తుంటే ఒత్తిడి ఉన్నట్టు. ఆగిపోతే గొట్టం ఎక్కడో ఊడిందన్నమాట. ఒక్క నర్సు చాలామంది పసికందులను చూసుకునే చోట ఇది చిన్న విషయం కాదు.

ప్లాస్టిక్ పెట్టె ఆసుపత్రి వాడకానికి ఆగదు. అందుకని తరవాత గట్టి పెట్టె తయారుచేశారు. 2012లో మలావిలోని బ్లాంటైర్ నగరంలో, క్వీన్ ఎలిజబెత్ ఆసుపత్రిలో పరీక్ష మొదలైంది. ఊపిరాడని పసికందుల్లో, ఆక్సిజన్ మాత్రమే పెట్టినప్పుడు నూటికి 44 మంది బతికారు. బుడగల యంత్రం పెట్టినప్పుడు 71 మంది. పరీక్ష చిన్నదే, కాని తేడా చిన్నది కాదు.

యంత్రం ఇచ్చి వస్తే సరిపోదు. ముక్కు గొట్టం ఎంత లావుండాలి, బిడ్డ తలకు టోపీ పెట్టి గొట్టాలు కదలకుండా ఎలా బిగించాలి, ఇవన్నీ నర్సులకు నేర్పారు. ఆ తరవాతే మలావి జిల్లా ఆసుపత్రులకు యంత్రాలు చేరాయి. దానికి అక్కడి చిచెవా భాషలో ‘పుమని’ అని పేరు పెట్టారు. హాయిగా ఊపిరి తీసుకో అని అర్థం.