మొలకలను లాగిన రైతు - ఒక చీనా జాతీయము

తరతరముల అనుభవమును రెండు మూడు మాటలలో ఇమిడ్చి చెప్పు పలుకుబడులు ప్రతి భాషయందును కలవు. మనకు సామెతలు, జాతీయములు ఎట్టివో, చీనా భాషకు ‘చెంగ్యూ’లు అట్టివి. స్థిరపడిన పలుకు అని ఆ పదమునకు అర్థము. వానిలో హెచ్చుభాగము సరిగా నాలుగక్షరములతో నుండును. ప్రాచీన చీనా భాషలో సామాన్యముగా అక్షరమొక్కటి మాట యొక్కటి గనుక, నాలుగక్షరములనగా నాలుగు మాటలని గ్రహింపవలెను. ఆ నాలుగు మాటల వెనుక తఱచుగా ఒక పురాతన కథ దాగియుండును. గంగావతరణ కథ నెఱుగనివానికి ‘భగీరథప్రయత్నము’ అను మాట బోధపడనట్లే, కథ తెలియనివానికి చెంగ్యూ బోధపడదు.

అట్టివానిలో పిల్లలను పెంచువారెల్లరు తెలిసికొనదగినది ఒకటి కలదు. అది ‘యా మియావ్ జూ జాంగ్’ అనునది. ‘యా’ అనగా పైకి లాగుట. ‘మియావ్’ అనగా మొలక, లేతపైరు. ‘జూ’ అనగా సాయపడుట. ‘జాంగ్’ అనగా పెరుగుట. మొలకను పైకి లాగి పెరుగుదలకు సాయపడుట అని మొత్తముమీద అర్థము.

ఈ కథ మెన్షియస్ అను తత్త్వవేత్త పేర వెలసిన గ్రంథములో నున్నది. చీనీయులు ఆయనను మెంగ్ త్సు అందురు. ఆయన క్రీస్తుకు పూర్వము 4వ శతాబ్దిలో, నేటి షాన్‌డోంగ్ రాష్ట్ర ప్రాంతమున జన్మించి, కన్ఫ్యూషియస్ బోధలను వ్యాపింపజేసినవాడు. కథ యిది:

సోంగ్ రాజ్యమున ఒక రైతు తన చేనిలోని మొలకలు త్వరగా పెరుగుటలేదని దిగులుపడెను. ఒకనాడు చేనికి పోయి మొలకలను ఒక్కొక్కటిగా పట్టుకొని పైకి లాగెను. అలసి యింటికి వచ్చి, నేడు మిక్కిలి శ్రమపడితిననియు, మొలకలు పెరుగుటకు సాయపడి వచ్చితిననియు ఇంటివారితో చెప్పెను. కొడుకు పరుగున పోయి చూచునప్పటికి మొలకలన్నియు వాడిపోయియుండెను.

సోంగ్ రాజ్యము నేటి హెనాన్ రాష్ట్రములోని షాంగ్‌చ్యూ ప్రాంతమున నుండెను. జౌ వంశమువారి చేతిలో ఓడిన షాంగ్ రాజవంశపు సంతతివారు దానిని పాలించిరి. ఆ రాజ్యమువారిని మందమతులుగా చిత్రించుట ఆనాటి కథకుల అలవాటు. చెట్టు మొద్దుకు కొట్టుకొని చచ్చిన కుందేలును చూచి, మరియొక కుందేలు వచ్చునని సేద్యము మాని అచటనే కూర్చున్న రైతు కథ హాన్ ఫెయ్ త్సు గ్రంథములో నున్నది. అతడును సోంగ్ రాజ్యమువాడే.

వరి పండించు ప్రాంతములవారికి ఇచట ఒక సందేహము కలుగవచ్చును. మనము నారు పీకి నాటుచున్నాము గదా, అది చావదేమి? మనము పీకిన నారును దమ్ముచేసిన మడిలో వేళ్లు దిగునట్లు మరల నాటుదుము. వేళ్లకు క్రొత్త నేల దొరకును. సోంగ్ రైతు అట్లు చేయలేదు. మొలకను ఉన్నచోటనే యుంచి, వేళ్లు పట్టు వీడునంతగా లాగి విడిచెను. చూపునకు పొడవు హెచ్చెను. నేలలో వేరు సడలెను.

మెన్షియస్ ఈ కథను వ్యవసాయము నేర్పుటకు చెప్పలేదు. గోంగ్‌సున్ చౌ అను శిష్యునితో, మనుష్యుని లోపల పెరుగు ధర్మబలమునుగూర్చి మాటలాడుచు చెప్పెను. ఆ బలము దినదినము చేయు మంచి పనులవలన మెల్లగా కూడునదియేగాని, ఒక్క ఊపులో బయటినుండి తెచ్చుకొనునది కాదని ఆయన భావము. అచట ఆయన ఇరువురిని తప్పుపట్టెను. శ్రమవలన లాభములేదని చేనిని విడిచిపెట్టి కలుపు తీయనివాడొకడు; పెరుగుటకు సాయమని మొలకలను లాగువాడు రెండవవాడు. మొదటివానివలన మేలు కలుగదు. రెండవవానివలన మేలు కలుగకపోవుటయేగాక కీడును కలుగును. జాతీయములో రెండవవాడు మాత్రమే నిలిచెను. మనము మొదటివానిని గూడ మరువరాదు.

నాలుగు మాటలు ఇదే వరుసలో మూలగ్రంథమున లేవు. కథనుబట్టి పిమ్మట కూర్పబడినవి. నేటి చీనీయులు ‘యా’ అను ప్రాచీన పదమునకు మారుగా, అదే అర్థమిచ్చు ‘బా’ అను వాడుకమాటను చేర్చి ‘బా మియావ్ జూ జాంగ్’ అనియు అందురు. ఇందు ‘సాయము’ అను మాట యున్నను, ఈ పలుకు మెచ్చుకోలుకు వాడబడదు; ఎప్పుడును నిందకే. వేగముగా చేసిన ప్రతి పనికిని ఇది తగదు. తనంతట పెరుగవలసినదానిని బలవంతముగా పెంచబోయి చెఱచినపుడే తగును. పిల్లల చదువునుగూర్చిన మాటలలో ఇది తఱచు వినబడును. పాఠశాల పిల్లలపై ఇంటిపనియు, ప్రైవేటు ట్యూషనులును తగ్గింపవలెనని చీనా ప్రభుత్వము 2021లో ఉత్తరువులు చేసెను. రెండువేల మూడువందల యేండ్లనాటి కథ తల్లిదండ్రులకు నేటికిని పాతబడలేదన్నమాట.

నా యనుభవము నొకటి చెప్పవలసియున్నది. కొన్ని యేండ్ల క్రిందట రెండవ తరగతి బాలుడొకడు 20వ ఎక్కమువఱకు తడుముకొనక అప్పజెప్పెడివాడు. తండ్రి వానిచేత ఉదయము సాయంకాలము వల్లెవేయించెడివాడు. వార్షికోత్సవమునాడు వానిని నేనే వేదిక యెక్కించితిని. సభవారు చప్పట్లు కొట్టిరి. వాడు నాల్గవ తరగతికి వచ్చినపుడు, 24 చింతగింజలు ముందుంచి 6గురికి సమముగా పంచుమంటిని. బాలుడు గింజలను ముట్టలేదు; ఆఱవ ఎక్కమును మొదటినుండి వల్లింప నారంభించెను. ఆఱునాలుగులు ఇరువదినాలుగని నోటికి వచ్చునుగాని, ఆ మాటకును ఎదుటి గింజలకును గల సంబంధము వానికి తెలియదు. అటుపిమ్మట లెక్కల గంటయన్న భయము పట్టుకొనెను. గింజలతో మొదటినుండి నేర్పి వానిని దారికి తెచ్చుటకు ఏడాదికి పైగా పట్టెను. మొలకను తండ్రి లాగెను. వేదిక యెక్కించి నేనును ఒక చేయి వేసితిని.

ఎక్కములు నేర్పుట తప్పని నా అభిప్రాయము కాదు. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని మన పెద్దలన్నారు గదా, చిన్ననాడే గట్టిగా పట్టవలదా యని కొందఱు తల్లిదండ్రులు నన్నడుగుదురు. వంచుట వేరు, పెఱుకుట వేరు. వంచిన మొక్క వేరు నేలలోనే యుండును.

కలుపు తీయుట మన పని. బిడ్డను ప్రతిదినము బడికి పంపుట, ఇంటిలో చదువుకొనుటకు ఒక వేళయు ఒక చోటును ఏర్పఱచుట, చదివినదానిని తన మాటలలో చెప్పించి ఓపికతో వినుట - ఇవి కలుపు తీయుట. రాబోవు ఏటి పుస్తకమును ఈ యేడే వల్లెవేయించుట, పొరుగింటి బిడ్డ మార్కులతో పోల్చి చిన్నబుచ్చుట, ట్యూషనుపై ట్యూషను పెట్టుట - ఇవి లాగుట. రెంటికిని శ్రమ యున్నది. సోంగ్ రైతును సోమరియని ఎవరనగలరు? పాపము, అలసియే యింటికి వచ్చెను.

తల్లిదండ్రులారా, బిడ్డకొఱకు ఎంత శ్రమపడితిమో తలచుకొనునపుడు, ఆ కొడుకువలె ఒకమారు చేనికి పోయి చూడుడు. మొలక పచ్చగా నున్నదా, వాడినదా? పొడవు కొలుచుట తరువాతి మాట.