ఉద్యోగం ముందే వదిలేశారా? పక్షులను చూడటం ఇలా మొదలుపెడదాం

స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నవాళ్లు చాలామంది నాలుగైదు సరదాలు ఒకేసారి మొదలుపెట్టి, కొన్నాళ్లకే అన్నీ అటకెక్కిస్తారు. రోజంతా ఖాళీగా ఉన్నప్పుడు ఏ పనికీ ఒక వేళంటూ ఉండదు. వేళ లేని పని రేపటికి జారుతూనే ఉంటుంది. అందుకే మనం ఒక్కదాన్నే పట్టుకుందాం. పక్షులను చూడటం నాకెంతో ఇష్టం. పైగా నెల మారితే చెరువుమీద పక్షులూ మారతాయి కాబట్టి, ఈ సరదా అంత తొందరగా పాతబడదు.

కావలసినవి

చిన్న నోటుబుక్కు, పెన్ను, టోపీ, నీళ్ల సీసా, మట్టిరంగు చొక్కా. మొదటి నెల బైనాక్యులర్స్ కొనకండి. తర్వాత కొంటే 8×42 రకం చాలు. అది 8 రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లుంటుంది. 12 రెట్లవి ఊరిస్తాయి గానీ, చేయి కాస్త వణికినా బొమ్మ కుదురుగా నిలవదు.

చేసే పద్ధతి

1. నడిచి వెళ్లగలిగే చోటు ఒక్కటే ఎంచుకుందాం. చెరువుగట్టు, పార్కు, పొలం గట్టు ఏదైనా సరే. కొల్లేరు, నేలపట్టు లాంటి పేరున్న పక్షుల కేంద్రాలు తర్వాత చూడొచ్చు.

2. వారంలో మూడు రోజులు ఖాయం చేసుకుని, తెల్లవారగానే ఒక గంట కూర్చుందాం. గంట కాగానే లేచి వచ్చేయాలి. ఇంకాసేపు ఉండాలనిపించినప్పుడే లేస్తే, మళ్లీ రావాలనిపిస్తుంది.

3. తెలిసిన పక్షులతో మొదలుపెడదాం: కాకి, గోరింక, పికిలిపిట్ట, పసులపోలిగాడు. కొత్తది కనిపిస్తే పేరుకోసం తొందరపడొద్దు. గోరింకకన్నా పెద్దదా? ముక్కు ఎలా ఉంది? తోక పొడవెంత? ఏం చేస్తోంది? ఈ నాలుగూ చూశాకే పుస్తకమో, పక్షులను గుర్తుపట్టే మెర్లిన్ యాపో తెరవాలి. ముందే ఫోనులోకి తల వంచితే పిట్ట ఎగిరిపోతుంది.

4. తేదీ, వేళ, పక్షి, ఎన్ని ఉన్నాయి అన్నవి అక్కడే రాసుకోవాలి. ఇంటికెళ్లి రాద్దామనుకుంటే సగం మరిచిపోతాం.

5. ఫిబ్రవరిలో 4 రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పక్షుల లెక్కింపు జరుగుతుంది. కనీసం 15 నిమిషాలు చూసి, లెక్కను ఈబర్డ్ వెబ్‌సైట్‌లో పెట్టొచ్చు. మన చెరువు లెక్క శాస్త్రవేత్తలకు పనికొస్తుంది. నాకు తెలిసి, ఆసక్తి సన్నగిల్లినవాళ్లను మళ్లీ గట్టుమీదికి తెచ్చేది ఇదే.

ఎండాకాలం గండం

ఎక్కువమంది మానేసేది ఏప్రిల్, మే నెలల్లోనే. చలికాలంలో వచ్చిన సూదితోక బాతుల్లాంటి వలస పక్షులు అప్పటికి ఉత్తర దేశాలకు తిరిగి వెళ్లిపోయి ఉంటాయి. చెరువు బోసిపోతే మన ఉత్సాహమే చచ్చిపోయిందని పొరబడతాం. అప్పుడు చూపును గూళ్లమీదికి మళ్లిద్దాం. ఎండల్లో తీతువు నేలమీదే గుడ్లు పెడుతుంది. వానలు పడగానే మగ గిజిగాడు గూడు అల్లుతుంది. సగం అల్లిన గూటిని ఆడపిట్ట వచ్చి పరీక్షించి, నచ్చితేనే ఒప్పుకుంటుంది. ఆ పరీక్ష చూడటానికి ఎన్ని ఉదయాలైనా కూర్చోవచ్చు.

తరచూ జరిగే పొరపాట్లు

- ఇన్ని రకాలు చూసి తీరాలని ఆఫీసు టార్గెట్లలా పెట్టుకోవడం. ఏమీ కనబడని రోజున ‘ఏమీ లేవు’ అని రాసినా అది లెక్కే.
- మొదట్లోనే ఖరీదైన కెమెరా కొనడం. దృష్టంతా ఫొటోమీదికి పోతుంది.
- గూటి దగ్గరికి వెళ్లడం. తీతువు అరుస్తూ మన తలమీద తిరుగుతోందంటే గుడ్లు దగ్గర్లోనే ఉన్నట్టు. కాళ్లకింద చూసుకుంటూ, వచ్చిన దారినే వెనక్కి వెళ్లాలి.