ఒకరి మాట మీద ఎగిరినవాళ్ళు

చిరంజీవి అమ్మాయికి,

1940 వేసవిలో బ్రిటన్ దీవిని కాచిన ఫైటర్ పైలట్ల మీద వ్యాసం రాస్తున్నానన్నావు. వాళ్ళ ధైర్యసాహసాల గురించి ఎంత చదివినా ఏదో వెలితిగా ఉందనీ రాశావు. నీ అనుమానం సరైనదే. నువ్వు చదివిన పుస్తకాల్లో ధైర్యమంటే తెగింపు: ఒక్కడే దూసుకుపోవడం, గురిచూసి కాల్చడం, నవ్వుతూ తిరిగిరావడం. తెగింపు లేదని నేననను. కానీ ఆ పైలట్లకు అంతకన్నా ఎక్కువగా అవసరమైంది నిగ్రహం. తమ కంటికి కనపడనిదాన్ని ఇంకెవరో చెబితే నమ్మాలి, అప్పగించిన పని మేరకు పోరాడాలి, మర్నాటికి మిగిలి ఉండాలి. ఇది నా వాదన. నిలుస్తుందో లేదో సాక్ష్యాలు పెట్టి చూద్దాం.

ముందు ఆ యుద్ధంలో గెలుపంటే ఏమిటో తేల్చుకోవాలి. జూన్‌లో ఫ్రాన్స్ లొంగిపోయింది. జూలై 16న హిట్లర్ ఇంగ్లండ్ మీద సైన్యాన్ని దించే ఏర్పాట్లకు ఆదేశమిస్తూ ఒక షరతు పెట్టాడు. సముద్రం దాటే జర్మన్ సైన్యానికి అడ్డు రాలేనంతగా బ్రిటిష్ వైమానిక దళాన్ని ముందే దెబ్బతీయాలి. అంటే దాడిచేసేవాడు ఆ దళాన్ని మట్టుబెడితేనే గెలిచినట్టు. కాచుకునేవాడికి అంత పని లేదు. శరదృతువు గాలులు మొదలై ఇంగ్లిష్ చానల్ పడవలకు లొంగనంతగా రేగేదాకా చెక్కుచెదరకుండా ఉంటే చాలు. ఫైటర్ కమాండ్ అధిపతి హ్యూ డౌడింగ్ ఈ లెక్క ముందే వేసుకున్నాడు. ఫ్రాన్స్ కూలుతుండగా అక్కడికి ఇంకా స్క్వాడ్రన్లు పంపమని ఒత్తిడి వస్తే, మే 16న పైవాళ్ళకు లేఖ రాశాడు. స్వదేశ రక్షణకు 52 స్క్వాడ్రన్లు కావాలని లోగడ తేల్చారు, ఇప్పుడున్నవి 36, ఇంకా తరిగితే ఈ దేశమే తేరుకోలేని ఓటమి పాలవుతుందన్నది దాని సారాంశం. మిత్రుడు మునుగుతుంటే చెయ్యి వెనక్కి తీసుకోమన్న ఆ లేఖ పైకి పిరికితనంలా కనిపిస్తుంది. వేసవి అంతా ఆ దీవి బతికింది మాత్రం ఆ పొదుపు మీదే.

ఇప్పుడు కాలం లెక్క చూడు. డోవర్ దగ్గర చానల్ వెడల్పు సుమారు 34 కిలోమీటర్లు. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో వచ్చే బాంబర్ దాన్ని ఏడు నిమిషాల్లో దాటేస్తుంది. ఇరవై వేల అడుగుల ఎత్తుకు ఎక్కడానికి బ్రిటిష్ ఫైటర్లలో స్పిట్‌ఫైర్‌కు పది నిమిషాలకు అటూ ఇటూ పడుతుంది, హరికేన్‌కు ఇంకాస్త. కంటితో చూశాక బయల్దేరితే ఎప్పుడూ ఆలస్యమే. పొద్దస్తమానం గాల్లో కాపలా తిరుగుదామంటే శత్రువు రాకముందే ఇంజిన్లూ మనుషులూ అరిగిపోతారు. ఈ చిక్కుముడిని విప్పింది డౌడింగ్ కట్టిన ఏర్పాటు. తీరం వెంబడి రాడార్ స్తంభాలు సముద్రం వైపు చూసేవి. తీరం దాటి లోపలికొచ్చిన విమానాలను పరిశీలక దళంలోని స్వచ్ఛంద కార్యకర్తలు కళ్ళతో, బైనాక్యులర్లతో లెక్కపెట్టేవాళ్ళు. రాడార్ కబుర్లు ఫోన్లలో ఫైటర్ కమాండ్ ప్రధాన కార్యాలయం బెంట్లీ ప్రయరీకి చేరితే, అక్కడ తప్పుడువాటిని, రెండుసార్లు వచ్చినవాటిని ఏరేసి మిగిలినవి కిందికి పంపేవాళ్ళు. ఇంగ్లండ్ ఆగ్నేయ భాగాన్ని కాచే 11వ గ్రూపుకు అక్స్‌బ్రిడ్జ్‌లో నేల కింద ఒక గది ఉండేది. అక్కడి బల్ల మీద పెద్ద పటం. దాని చుట్టూ నిలబడిన మహిళా సిబ్బంది పొడవాటి కర్రలతో గుర్తులను జరుపుతుండేవాళ్ళు. గోడ గడియారంలో ప్రతి ఐదు నిమిషాల భాగానికీ ఒక రంగు: ఎరుపు, పసుపు, నీలం, మళ్ళీ ఎరుపు. కబురు అందిన వేళ ముల్లు ఏ రంగు మీద ఉందో ఆ రంగు బాణమే పటం మీద పెట్టాలి. ఒక్క చూపులో ఏ వార్త తాజాదో, ఏది చద్దిదో తెలిసిపోయేది. గాల్లో ఏడు నిమిషాలంటే ఎంతో తెలిసినవాళ్ళు కనిపెట్టిన పద్ధతి అది.

ఇక కాక్‌పిట్‌లోకి వద్దాం. పైలట్ రోజులో ఎక్కువ భాగం విమానం పక్కన, గడ్డి మీదో పడక కుర్చీలోనో, ఫోను మోగేదాకా గడిచేది. మోగితే అది టీ బండి గురించైనా కావచ్చు, వెంటనే లేవమనే 'స్క్రాంబుల్' ఆజ్ఞైనా కావచ్చు. పరుగెత్తి, ఎక్కి, లేచాక చెవిలో ఒక గొంతు దిక్కు చెప్పేది, ఎత్తు చెప్పేది. 'ఏంజిల్స్ ట్వంటీ' అంటే ఇరవై వేల అడుగులు. అప్పటికి అతనికి కనపడేది మబ్బూ ఎండా మాత్రమే. శత్రువు ఎదురైతే చేతిలో ఎనిమిది మెషిన్ గన్లున్నాయి, కానీ మీట నొక్కి ఉంచితే తూటాలన్నీ పదిహేను క్షణాల్లో అయిపోతాయి. అందుకే అనుభవజ్ఞులు క్రొత్తవాళ్ళకు నూరిపోసింది పొదుపే: బాగా దగ్గరికి వెళ్ళేదాకా కాల్చకు, ఒకటి రెండు క్షణాలకు మించి మీట నొక్కకు, నేరుగా ఒకే దారిన ఎగరకు. మెడ తిప్పి తిప్పి చర్మం ఒరుసుకుపోకుండా పట్టుగుడ్డ చుట్టుకునేవాళ్ళు. అంత చూసినా చూసింది కొంచెమే. సెప్టెంబర్ 15న 185 శత్రు విమానాలను కూల్చామని బ్రిటన్ ప్రకటించింది. యుద్ధం తర్వాత జర్మన్ రికార్డులతో సరిచూస్తే అవి అరవైకి దరిదాపుల్లో తేలాయి. పైలట్లు అబద్ధమాడలేదు. పొగ కక్కుతూ పడిపోతున్న ఒకే విమానాన్ని ముగ్గురు చూసి ముగ్గురూ తమదే అనుకున్నారు. పోరాటంలో అందరికంటే ముందున్నవాడికే దాని మొత్తం రూపం అందరికంటే తక్కువ తెలుసు. అతను ఇతరుల మాట మీద ఆధారపడక తప్పనిది అందుకే.

ఇక్కడ నువ్వు అడ్డుపడతావని తెలుసు. 'అంతా ఏర్పాటే అయితే పైలట్ యంత్రంలో మర మాత్రమేనా?' అంటావు. కాదమ్మా, ఏర్పాటు తెచ్చి నిలబెట్టిన చోట మూల్యం చెల్లించింది అతని ఒళ్ళే. ఆ యుద్ధంలో ఎగిరిన దాదాపు మూడు వేలమంది వైమానికుల్లో 544 మంది అప్పుడే చనిపోయారు. పెట్రోలు ట్యాంకు పైలట్ ముందే ఉండేది కనుక, అది అంటుకుంటే ముఖమూ చేతులూ క్షణాల్లో కాలిపోయేవి. అలా కాలినవాళ్ళకు ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ ఆస్పత్రిలో డాక్టర్ ఆర్చిబాల్డ్ మెకిండో క్రొత్త ముఖాలు కుట్టాడు. ఉప్పునీళ్ళలో పడినవాళ్ళ గాయాలు మెరుగ్గా మానుతున్నాయని గమనించి ఉప్పునీటి స్నానాలు పెట్టించాడు. ఇంత తెలిసీ, ఎక్కడికో ఎందుకో పూర్తిగా తెలియకుండా, ఒక గొంతు చెప్పిందని లేచి వెళ్ళడం మర చేసే పనా? దానికి కావలసిన ధైర్యం తెగింపుకన్నా బరువైనది.

ఇంకా గట్టి ఆక్షేపణ యోసెఫ్ ఫ్రాంటిషెక్. పోలిష్ పైలట్ల 303 స్క్వాడ్రన్‌లో చేరిన చెక్ జాతీయుడు. వరుసలో ఇమడలేక విడిపోయి ఒంటరిగా వేటాడేవాడు. చివరికి అతన్ని 'అతిథి'గా తన దారిన ఎగరనిచ్చారు. సుమారు నెలరోజుల్లో 17 విమానాలు కూల్చినట్టు అతని ఖాతాలో ఉంది. మరి నిగ్రహమెక్కడ? కానీ అదే స్క్వాడ్రన్‌ను మొత్తంగా చూడు. స్వదేశంలో పోరాడి వచ్చిన ఆరితేరిన పైలట్లను ఆగస్టు చివరిదాకా పోరులోకి దించలేదు. ఇంగ్లిష్ ఆజ్ఞలు అర్థం చేసుకోవడం, మైళ్ళల్లో అడుగుల్లో లెక్కలు కట్టడం ముందు నేర్పారు. రేడియోలూ దిక్సూచులూ బిగించిన మూడు చక్రాల సైకిళ్ళ మీద మైదానంలో తిప్పి, గొంతు చెప్పిన దిక్కుకు తిరగడం సాధన చేయించారు. అవమానంగా అనిపించినా నేర్చుకున్నారు. ఆగస్టు 31న దిగి, మొత్తం ఫైటర్ కమాండ్‌లో ముందువరుసలో నిలిచారు. ఫ్రాంటిషెక్ ఒక్కడికి ఇచ్చిన వెసులుబాటు అందరికీ ఇచ్చుంటే ఆ బల్ల మీది గుర్తులకు అర్థమే ఉండేది కాదు.

మూడో ఆక్షేపణ ఆనాటి సేనానులదే. 11వ గ్రూపుకు ఉత్తరాన ఉన్న 12వ గ్రూపు అధిపతి లీ-మలోరీ, అతని కింద డగ్లస్ బేడర్, ఐదేసి స్క్వాడ్రన్లను కూడగట్టి ఒక్కసారిగా విరుచుకుపడాలన్నారు. 11వ గ్రూపును నడిపిన న్యూజీలాండ్‌వాడు కీత్ పార్క్ మాత్రం ఒకటి రెండు స్క్వాడ్రన్లనే వెంటవెంటనే పంపేవాడు. సెప్టెంబర్ 15న లండన్ మీద ఆ పెద్ద దండు కనిపించినప్పుడు, బ్రిటన్ దగ్గర విమానాలే మిగల్లేదని నమ్మి వచ్చిన జర్మన్లు దిగులుపడ్డ మాట నిజం. కానీ దండు కూడటానికి పట్టే సమయం తీరానికి దగ్గరున్న పార్క్‌కు లేదు. అతనికి కావలసింది బాంబులు పడకముందే చెదరగొట్టడం. రెండేళ్ళ తర్వాత, 1942 జూలైలో, అతను మాల్టా దీవికి వెళ్ళాడు. అక్కడా త్వరగా లేచి, సముద్రం మీదనే దాడిని ఎదుర్కొనే పద్ధతి పెట్టాడు. వారాల్లో పగటి బాంబుదాడులు తగ్గాయి.

'జర్మన్లు సెప్టెంబర్ 7న విమానాశ్రయాలను వదిలి లండన్ మీదికి మళ్ళడమే వాళ్ళను ఓడించింది. బ్రిటిష్ నౌకాదళం ఎలాగూ అడ్డుకునేది' అనేవాళ్ళూ ఉన్నారు. రెండింట్లోనూ నిజం ఉంది. అయితే ప్రత్యర్థి తప్పు చేసేదాకా నిలబడి ఉన్నవాడికే ఆ తప్పు లాభం. నౌకాదళానికి భయపడే జర్మన్లు మొదట ఆకాశం కావాలన్నారు. అది దొరక్కపోతేనే సెప్టెంబర్ 17న హిట్లర్ దండయాత్రను వాయిదా వేశాడు.

చివరగా మన వాటా. డోర్సెట్‌లోని వార్మ్‌వెల్ నుంచి ఎగిరిన 152 స్క్వాడ్రన్ పేరులో హైదరాబాద్ ఉంది. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా దాని చిహ్నం మీద నిజాం తలపాగా ఉండేది. పైలట్లు మనవాళ్ళు కారు. సంస్థాన ఖజానాను నింపింది మాత్రం మన ప్రజల కష్టం. 1939లో మనల్ని అడగకుండానే యుద్ధంలోకి లాగిన ప్రభుత్వం పైలట్లను మనమెందుకు మెచ్చాలని అడిగితే, సామ్రాజ్యాన్ని మెచ్చాల్సిన పని లేదు, వాళ్ళ పనితీరును అర్థం చేసుకుంటే చాలునంటాను.

కనుక వ్యాసం రాసేటప్పుడు పైలట్ల జ్ఞాపకాల పుస్తకాల్లో 'నేను' అన్న మాట వచ్చిన ప్రతి చోటా కాసేపు ఆగు. ఆ క్షణాన అతని చెవిలో ఎవరి గొంతు ఉంది, ఆ గొంతుకు ముందు బల్ల మీద గుర్తును ఏ అమ్మాయి జరిపింది, ఆ అమ్మాయికి వార్త పంపిన పరిశీలకుడు ఏ గుట్ట మీద నిలబడి లెక్కపెట్టాడు అని వెతుకు. నీకు వెలితిగా అనిపించినవాళ్ళు వాళ్ళే.

ఆశీస్సులతో,
పెదనాన్న