రక్షణపంక్తి నాయకుడు - ఓలెహ్ లుజ్నీ

ఫుట్‌బాల్ పందెమును చూచువారి కన్నులు బంతివెంటనే పరుగెత్తును. గోలు చేసినవానిని జనులు భుజములపై నెత్తుకొని ఊరేగింతురు. గోలు కాకుండ అడ్డుకొన్నవాని పేరడిగినచో పలువురు తడుముకొందురు. అడ్డుకొనుటయే వృత్తిగా చేసికొని, రెండు దేశముల ప్రజల మన్ననను పొందిన ఆటగాడొకడు ఉక్రెయిన్ దేశమున కలడు. అతడే ఓలెహ్ లుజ్నీ.

లుజ్నీ 1968వ సంవత్సరము ఆగస్టు 5వ తేదీన ల్వీవ్ నగరమున జన్మించెను. అప్పుడు ఉక్రెయిన్ సోవియట్ యూనియనులో నొక భాగము. 1989లో అతడు కీవ్ నగరపు డైనమో జట్టున చేరెను. రక్షణపంక్తిలో కుడివైపు అతని స్థానము. అచట నిలుచువాడు ప్రత్యర్థిని ఆపినంతమాత్రమున చాలదు. అవకాశము చిక్కినపుడు మైదానపు అంచువెంట ముందుకు దూకి, తనవారికి బంతినందించి, మరల వెనుకకు పరుగున రావలెను. క్షణము ఆలస్యమైనను, అతడు విడిచివచ్చిన చోటు ఎదుటివారి పాలగును.

1991లో ఉక్రెయిన్ స్వతంత్రమయ్యెను. ఆ నూతన దేశపు జట్టు పక్షమున లుజ్నీ 52 పందెములాడెను. దానికి నాయకత్వమును కూడ వహించెను. 1993 మొదలు 1999 వరకు డైనమో జట్టు వరుసగా ఏడు పర్యాయములు దేశ విజేత యయ్యెను. 1997 నవంబరు 5వ తేదీన ఆ జట్టు బార్సిలోనాను వారి సొంత మైదానముననే 4-0 గోలులతో ఓడించెను. నాటి నాలుగు గోలులలో షెవ్‌చెంకో మూడింటిని, రెబ్రోవ్ ఒకదానిని చేసిరి. లోకమున వారి పేర్లే మారుమ్రోగెను. ఎదుటివారి పద్దున సున్నయే నిలిచిన సంగతిని ఎందరు తలచిరి?

1999లో లుజ్నీ లండనులోని ఆర్సెనల్ జట్టునకు పోయెను. కీవ్‌లో నాయకుడైనవాడు ఇచట తరచు బల్లపై కూర్చుండి పిలుపుకై వేచియుండవలసి వచ్చెను. నాలుగేండ్లలో అతడు ఆ జట్టునకు 75 లీగు పందెములాడెను. వానిలో ఒక్క గోలైనను చేయలేదు.

2003 మే 17వ తేదీన ఎఫ్.ఏ. కప్పు తుది పందెము కార్డిఫ్‌లో జరిగెను. లండనులోని వెంబ్లీ మైదానమును పునర్నిర్మించుచుండుటచే పందెమును అచటికి మార్చిరి. ఆర్సెనల్ రక్షణకు మూలస్తంభమైన కాంప్‌బెల్ నిషేధమువలన ఆడరాదు. అతని చోట, తనకు అలవాటైన కుడివైపున గాక నడుమ, కీయన్ ప్రక్కన లుజ్నీ నిలిచెను. సౌతాంప్టన్ జట్టునకు ఒక్క గోలైనను దక్కలేదు. పీరెస్ చేసిన ఏకైక గోలుతో ఆర్సెనల్ గెలిచెను. ఆ జట్టు పక్షమున లుజ్నీ ఆడిన కడపటి పందెమదియే.

పిదప అతడు ఇంగ్లండులో వుల్వర్‌హాంప్టన్ జట్టున కొంతకాలమాడి, ఆట చాలించి శిక్షకుడయ్యెను. 2022 ఫిబ్రవరిలో రష్యా సేనలు ఉక్రెయిన్‌పై దండెత్తినవి. శిక్షకుడుగా పనిచేయుటకై బ్రిటనుకు పోగోరుచుండిన లుజ్నీ ఆ ప్రయాణమును మానుకొనెను. తాను దేశముననే యుండి పోరాడుటకు సిద్ధముగా నున్నానని అతడు పత్రికలవారికి తెలిపెను. అప్పటికి అతని వయస్సు 53 సంవత్సరములు.