వేసవిలో గొర్రెలకు కళ్లపు మేత

రాయలసీమలోను, తెలంగాణ మెట్ట ప్రాంతాలలోను వేరుశనగ, కంది, జొన్న పండించే రైతులలో పలువురికి గొర్రెల మంద కూడా ఉన్నది. వానాకాలంలో మంద బీళ్లలోనే కడుపు నింపుకొనును. మార్చి వచ్చుసరికి పచ్చిక ఎండిపోయి, ఎంత దూరం తిరిగినను మేత చాలదు. ఈ లోటు తీర్చు మేత చాలవరకు రైతు కళ్లంలోనే ఉన్నది.

ముందుగా ఏ గొర్రెకు?

గొర్రె సుమారు 5 నెలలు పిల్లను మోయును. కడుపులోని పిల్ల ఎక్కువగా పెరుగునది చివరి 6 వారాలలోనే. అప్పుడు తల్లికి మేత చాలనిచో పిల్ల తక్కువ బరువుతో పుట్టును; తల్లికి పాలు చాలవు; అట్టి పిల్లలు కొద్ది రోజులలోనే చనిపోవుట కద్దు. కనుక మేత కొద్దిగా ఉన్నప్పుడు మందకంతటికి పంచక, ముందు ఈనబోవు గొర్రెలకు, పాలిచ్చు తల్లులకు పెట్టవలెను.

ఏ మేత ఎట్టిది?

వేరుశనగ కట్టె, ఆకు రాలకుండా ఆరబెట్టినచో, మంచి మేత. కంది నూర్చినప్పుడు వచ్చు ఆకు, కాయ పొట్టు కూడ గొర్రెలు ఇష్టముగా తినును. జొన్న చొప్పలో మాంసకృత్తులు తక్కువ. దానిని చిన్న ముక్కలుగా నరికి, పై రెండింటిలో ఒకదానితో కలిపి పెట్టవలెను.

దాణా మిశ్రమం (100 కిలోలకు)

వేరుశనగ చెక్క 20 కిలోలు, నూనె తీసిన తవుడు 37, పప్పు మిల్లులో దొరకు కంది పొట్టు, నూక 25, జొన్న లేక మొక్కజొన్న నూక 15, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1 కిలో. ఈనబోవు గొర్రెకు రోజుకు 200 గ్రాములు పెట్టవచ్చును.

జాగ్రత్తలు

1. బూజు పట్టిన కట్టెను, చెక్కను పెట్టరాదు. బూజు వలన పుట్టు విషము ఎండబెట్టినను పోదు.

2. కొత్త దాణాను కొద్దికొద్దిగా పెంచుచు 10 నుండి 14 రోజులలో పూర్తి మోతాదుకు తేవలెను. కళ్లంలో రాశిపోసిన గింజలను గొర్రె ఒక్కసారిగా తిన్నచో కడుపులో ఆమ్లము పెరిగి చనిపోవచ్చును.

3. పొట్టేళ్లకు తవుడు అధికముగా పెట్టినచో మూత్రనాళంలో రాళ్లు ఏర్పడి మూత్రము బిగియవచ్చును. మంచినీరు ఎల్లప్పుడు అందుబాటులో ఉంచవలెను.

4. పశువులకై చేసిన ఖనిజ మిశ్రమంలో రాగి ఎక్కువగా ఉండవచ్చును. అది గొర్రెలకు విషము. గొర్రెలకై చేసినదే వాడవలెను.

5. పురుగుమందు చల్లిన పైరు మేతను, మందు డబ్బాపై తెలిపిన గడువు తీరనిదే మేపరాదు.

ఎంత దాచవలెను?

ఈనబోవు గొర్రెలు 20 ఉన్నవనుకొనుడు. ఒక్కొక్కదానికి రోజుకు అరకిలో కట్టె చొప్పున 45 రోజులకు 450 కిలోల కట్టె, 200 గ్రాముల దాణా చొప్పున 180 కిలోల దాణా కావలెను. మిగిలిన కడుపు మేపుపై నిండును. ఈనిన తరువాత పాలిచ్చు రోజులకు కూడ ఇదే రీతిని లెక్క కట్టుకొనవలెను. కట్టెను బాగుగా ఆరబెట్టి, నేలతేమ తగలకుండ ఎత్తుపై వామి వేసి, పైన కప్పవలెను.

కట్టె కొనువారు కళ్లం వద్దకు వచ్చినప్పుడు, ముందు ఈ లెక్క చూచుకొని, మందకు చాలినంత ఉంచుకొని, మిగిలినదే అమ్ముకొనుడు.