డేగవేట – మనం తెలుసుకోవలసిన సంగతులు

ఆకాశంలో వంకర ముక్కు పక్షి ఏది కనబడ్డా మనం 'గద్ద' అనేస్తాం. కాని అన్నీ గద్దలు కావు. గద్ద వేరు, డేగ వేరు, బైరి వేరు. వీటి తేడాలు, పూర్వం రాజులు డేగలతో వేటాడిన పద్ధతి, ఆ విద్య నుంచి మనకు పనికొచ్చేది ఏమిటి అన్న సంగతులు ఈ వ్యాసంలో రాస్తున్నాను.

మూడు పక్షులు

గద్ద పెద్దగా ఉంటుంది. తోక చివర చేప తోకలాగ చీలి ఉంటుంది. రెక్కలు ఆడించకుండానే గిరికీలు కొడుతుంది. సంతల కాడ, చచ్చిన పశువుల కాడ ఎక్కువ కనబడేది ఇదే. కోడిపిల్లల్ని కూడా ఎత్తుకపోతది.

డేగ పావురమంతే ఉంటుంది. ఉర్దూలో షిక్రా అంటారు. రెక్కలు పొట్టి, తోక పొడుగు. అందుకే కొమ్మల సందుల్లో కూడా మలుపులు తిరుగుతూ దూసుకపోతది. పొట్ట మీద తెలుపులో ఎర్రమట్టి రంగు అడ్డగీతలుంటాయి. పిల్ల డేగకైతే నిలువు మచ్చలుంటాయి. తొండలు, ఎలుకలు, ఉడుతలు, మిడతలు, చిన్న పిట్టలు దీని తిండి.

బైరికి రెక్కలు పొడుగ్గా, కొడవలి మొనలాగ ఉంటాయి. చలికాలంలో ఉత్తర దేశాల నుంచి మన దేశానికి వచ్చి నదులు, చెరువుల దగ్గర తిరుగుతుంది. పై నుంచి వేట మీదికి దూకేటప్పుడు దాని వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. భూమి మీద ఇంత వేగం గల ప్రాణి మరొకటి లేదు. పై ముక్కు అంచున పన్ను లాంటి మొన ఉంటుంది. దానితో పిట్ట మెడ ఎముక విరుస్తుంది.

చూడటానికి డేగ, బైరి అన్నదమ్ముల్లాగ ఉన్నా దగ్గరి చుట్టాలు కావు. 2008లో శాస్త్రజ్ఞులు జన్యువులు పోల్చి చూస్తే బైరి జాతి డేగ కంటే చిలుకకు దగ్గరని తేలింది! ఇంకో విచిత్రం ఏమంటే ఈ పక్షుల్లో ఆడదే పెద్దది, బలమైనది. అందుకే వేటగాళ్లు ఆడదాన్ని షిక్రా అని, చిన్నదైన మగదాన్ని చిప్కా అని వేరే పేర్లతో పిలిచేవారు.

పుస్తకాల్లో డేగవేట

మన మంథని పాత పేరు మంత్రకూటం. 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో మంత్రకూటం గుండని పేరు ఉంది. ఆ గుండని కాలంలో ఈ దిక్కంతా కల్యాణి చాళుక్య చక్రవర్తుల కింద ఉండేది. వారిలో మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతంలో 'మానసోల్లాసం' అనే సంస్కృత గ్రంథం రాశాడు. అందులో రాజుల వినోదాలు చెబుతూ డేగవేట గురించి కూడా రాశాడు. సంస్కృతంలో డేగను శ్యేనం అంటారు. కుమావూను రాజు రుద్రదేవుడు ఈ వేట మీదనే 'శ్యైనిక శాస్త్రం' రాశాడు. అది 1910లో కలకత్తాలో అచ్చయింది.

తెలుగులో వేటడేగకు సాళువ అని కూడా పేరు. 1485లో విజయనగర సింహాసనం ఎక్కిన సాళువ నరసింహుని వంశం పేరులో ఉన్నది ఈ మాటే.

ఎట్లా మచ్చిక చేసేవారు?

ముందు పట్టాలి. చిన్న పంజరంలో పిట్టనో ఎలుకనో పెట్టి, పంజరం మీద గుర్రపు వెంట్రుకలతో ఉచ్చులు కట్టేవారు. డేగ వచ్చి పంజరం మీద వాలగానే కాళ్లు ఉచ్చులో పడేవి. దీన్ని బాల్ ఛత్రీ అంటారు.

పట్టినంక కాళ్లకు తోలు పట్టీలు కట్టేవారు. బైరి వంటి వాటికి కళ్లు కనబడకుండా తోలు టోపీ పెట్టేవారు. కొందరు కనురెప్పలకు దారంతో కుట్టు కూడా వేసేవారు. చేతికి తొడుగు వేసుకొని, డేగను దాని మీద కూర్చోబెట్టుకొని, రోజుల తరబడి మనుషుల మధ్య తిప్పేవారు. చేతి మీదనే మాంసం ముక్క తినిపించేవారు. తరువాత పొడుగు దారం కట్టి దూరం నుంచి పిలిచేవారు. నమ్మకం కుదిరినంక దారం తీసేవారు. షిక్రానైతే పిడికిట్లో పట్టి, కంజు పిట్టల మీదికి బాణంలాగ విసిరేవారు.

ఇక్కడ అసలు సంగతి ఒకటుంది. డేగ తిరిగి వచ్చేది ప్రేమతో కాదు, ఆకలితో. కడుపు నిండిన డేగ చెట్టెక్కి కూర్చుంటది, ఎంత పిలిచినా దిగదు. అందుకే వేటగాడు దాని బరువు, ఆకలి రోజూ కనిపెట్టి ఉండాలి. కుక్క, గుర్రం తరతరాలుగా మన ఇండ్ల దగ్గర పుట్టి మనవయ్యాయి. డేగ అట్లా కాలేదు. వెనుకటి రోజుల్లో ప్రతి డేగనూ అడవి నుంచి పట్టి తేవలసిందే. అంటే వందల ఏండ్లు పెంచినా అది పెంపుడు పక్షి కాలేదన్నమాట.

వేట విద్య రక్షణ విద్య అయింది

డేగవేటను 2010లో యునెస్కో మానవజాతి వారసత్వంగా గుర్తించింది. 2021 నాటికి ఆ జాబితాలో 24 దేశాలున్నాయి. మన దేశం అందులో లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇక్కడ డేగను పట్టడం, పెంచడం, గుడ్లు తీయడం నేరం.

మరి ఆ విద్య వృథా పోయిందా? పోలేదు. అమెరికాలో డీడీటీ మందు వల్ల బైరి గుడ్ల పెంకులు పలుచబడి, తల్లి కూర్చుంటేనే పగిలిపోయేవి. జాతి దాదాపు అంతరించే దశకు వచ్చింది. డేగవేట తెలిసిన టామ్ కేడ్ అనే ప్రొఫెసర్ 1970లో ఒక సంస్థ పెట్టి, బైరి పిల్లల్ని పెంచి వేల సంఖ్యలో వదిలిపెట్టాడు. 1999లో బైరిని ఆ దేశం ప్రమాదపు జాబితా నుంచి తీసేసింది. బాల్ ఛత్రీతో ఇప్పుడు శాస్త్రజ్ఞులు డేగలను పట్టి, కాలికి ఉంగరం వేసి వదులుతున్నారు. బీహారులో పక్షులు పట్టే మీర్‌షికార్ల చేతి నేర్పు కూడా పక్షుల పరిశోధనకు పనికొచ్చింది.

మనలాంటి గిరిజనుల కథ ఒకటి చెబుతాను. నాగాలాండ్‌లో పంగ్టి అనే లోథా నాగా గ్రామం ఉంది. సైబీరియా దిక్కు నుంచి ఆఫ్రికాకు పోయే అముర్ డేగలు దారిలో అక్కడ దిగుతాయి. 2012లో ఆ ప్రాంతంలో లక్షకు పైగా డేగలను వలలు వేసి చంపారు. మరుసటి ఏడు గ్రామస్థులే కూర్చొని, ఇక చంపొద్దని తీర్మానం చేశారు. 2013లో ఒక్కటి కూడా చావలేదు. ఆ నవంబరులో మూడు డేగలకు చిన్న ఉపగ్రహ యంత్రాలు కట్టి నాగా, వోఖా, పంగ్టి అని పేర్లు పెట్టారు. అవి అరేబియా సముద్రం దాటి ఆఫ్రికా చేరాయి.

మన వేపచెట్టు సంగతి

హాస్టల్ వెనుక వేపచెట్టు మీద డేగ గూడు కట్టింది. పిల్లను దించుకొచ్చి పెంచుదామని కొందరు తమ్ముళ్లు అంటున్నరు. తమ్ముళ్లారా! తల్లి డేగ తొండను ఎముకలు, తోలుతో సహా తినిపిస్తుంది. మనం ఉత్త మాంసం ముక్కలు పెడితే ఎముకలు మెత్తబడి కాళ్లు వంకరపోతాయి. వేట నేర్పే తల్లి ఉండదు కాబట్టి వదిలిపెట్టినా బతకదు. పిల్లలు గుడ్డు నుంచి వచ్చిన నెల రోజులకు అటూ ఇటూగా వాటంతట అవే ఎగురుతాయి.

వార్డెన్ సారుకు ఒక మనవి. మేము వేసవి సెలవులకు ఇండ్లకు పోతాం. కొమ్మలు కొట్టించే పని ఉంటే పిల్లలు ఎగిరిపోయే దాక ఆ ఒక్క చెట్టును ఆపగలరు.

అప్పటి దాక మనం చేయదగిన పని చూడటం. చెట్టుకు దూరంగా, వసారాలో నిలబడి చూడండి. తల్లి ఏం తెచ్చింది, ఎన్నిసార్లు తెచ్చింది, ఏ వేళకు తెచ్చింది అని నోటుబుక్కులో రాయండి. సెలవుల ముందు అందరి లెక్కలు కలిపి ఈ గోడ పత్రికలోనే పట్టిక వేద్దాం.

ప్రశ్నలు

1. గద్దకు, డేగకు తోకలో తేడా ఏమిటి?
2. డేగ వేటగాని చేతి మీదికి ఎందుకు తిరిగి వస్తుంది?
3. మన గూటి దగ్గర ఉన్న రెండు డేగల్లో ఆడది ఏదో ఎట్లా గుర్తుపడతారు?

మూడో ప్రశ్నకు జవాబు పుస్తకంలో కాదు, చెట్టు మీద చూసి రాయాలె.